కొట్టివేసిన వెల

అసత్యము లోకమున అనేక వేషములతో సంచరించును. మాటల వేషమున వచ్చినప్పుడు దానిని మనము కొంతవరకు గుర్తింపగలము. ఏలయన మాటలను అనుమానించుట మనకు బాల్యమునుండియు అలవాటే. కాని అంకెల వేషమున వచ్చినప్పుడు చదువుకొన్నవారు సయితము దానికి పీటవేసి కూర్చుండబెట్టుదురు. అంకె అబద్ధమాడదని మన నమ్మకము. ఇరువది యేండ్లుగా బాలురకు గణితము బోధించుచున్న నేనే ఆ వేషమునకు లోబడి మోసపోయిన వృత్తాంతమును ఈ వార్షిక సంచికలో చెప్పదలచితిని. ఇందువలన నాకు కొంత నగుబాటు కలుగవచ్చును. చదువరులకు కొంత మేలు కలిగినచో ఆ నగుబాటు నష్టము కాదు.

2022వ సంవత్సరము శ్రావణ మాసమున మా చెల్లెలి వివాహము నిశ్చయమయ్యెను. క్రొత్త కాపురమునకు ఒక మంచి టేకు మంచము కొనియీయవలెనని మా అమ్మగారి కోరిక. ఆమె ఇంటివద్ద కుట్టుపని చేయుచు, వచ్చిన దానిలో నెలనెలా చీటీ కట్టి, పాట పాడక తుదినెలవరకు ఓపికపట్టి, 50,000 రూపాయలు చేతికి తెచ్చుకొనెను. ఆ సొమ్ములో ప్రతి రూపాయియు ఆమె కన్నుల చూపును కొంత కొంత తీసికొని వచ్చినదే.

మా వీధి చివర ఒక వృద్ధ వడ్రంగి కలడు. మా యింటి తలుపులు ఆయన తండ్రి చేసినవి. ముందుగా ఆయననే పిలిపించితిమి. ఆయన కొలతలు తీసికొని, కొంతసేపు మనసులో లెక్క వేసికొని, “నికరమైన టేకు తెచ్చి చేసిపెట్టెదను. ముప్పదియెనిమిది వేలగును, అమ్మా. ఇరువది దినముల గడువు కావలెను” అనెను. మా అమ్మగారు ముప్పది వేలని అడిగిరి. నేనును ఆమెకు తోడైతిని. ఆయన విసుగుకొనక కఱ్ఱకు ఇంత, కోతకూలికి ఇంత, జిగురునకు, మేకులకు, పాలిషునకు ఇంత, తన రెక్కల కష్టమునకు ఇంత అని వేఱువేఱుగా లెక్క చెప్పెను. రెండు గంటలు గడచెను. తుదకు ముప్పదియాఱు వేలకు దిగి, “ఇంతకంటె తగ్గించవలెనన్న కఱ్ఱనే తగ్గించవలెను, మాష్టారూ. అది నాచేత కాదు” అని లేచి వెళ్లిపోయెను. ఆయన వెల హెచ్చని మేమనుకొంటిమి. ఆయన చెప్పినది నిజమైన వెల. దానిపై కొట్టివేసిన మఱియొక వెల లేకపోవుటయే ఆయనయందు మాకు కనబడిన లోపము.

మన తెలుగుదేశమున ఆషాఢమును శూన్యమాసమందురు. ఆ మాసమున వివాహములు జరుగవు గనుక బేరములు మందగించును. అందువలన బట్టల కొట్లవారును, గృహోపకరణముల కొట్లవారును ఆషాఢమున తగ్గింపు ధరలను ప్రకటించుట ఆచారమైనది. ఇందు అన్యాయమేమియు లేదు. సరకు మూలబడియుండుటకంటె కొంత తగ్గించి విక్రయించుట వర్తకధర్మమే. నిజముగా తగ్గించు వర్తకులును కలరు. అట్టివారు ఉండుటవలననే వారి నీడలో తగ్గింపని పేరుపెట్టిన అసత్యము నిలువగలుగుచున్నది.

ఆ ఆషాఢమున ఒక ఆదివారము అమ్మగారును నేనును గుంటూరునకు పోయి ఒక పెద్ద దుకాణము ప్రవేశించితిమి. లోపల చల్లని గాలి, అద్దముల కాంతి. ఒక యువకుడు మాకు మంచినీరిచ్చి, “రండమ్మా” అని మర్యాదతో అంతయు త్రిప్పి చూపెను. టేకువన్నెతో మెఱయుచున్న ఒక మంచమువద్ద అమ్మగారు నిలిచిపోయిరి. దానికి వ్రేలాడుచున్న అట్టముక్కమీద 84,000 అని వ్రాసి, దానిపై ఎఱ్ఱని గీత గీసియుండెను. దాని క్రింద పెద్ద అంకెలతో 42,000. ప్రక్కన “ఆషాఢపు తగ్గింపు, సగము ధర, నేటితో సమాప్తము” అని యుండెను.

ఇక్కడ జరిగిన ఒక విశేషమును చదువరులు గమనింపవలెను. వడ్రంగితో రెండు వేల రూపాయలకై రెండు గంటలు పోరాడిన మా అమ్మగారు ఆ దుకాణమున ఒక్క రూపాయి తగ్గింపుమని అడుగలేదు. నలువదిరెండు వేలు తనంతట తానే తగ్గించినవానిని ఇంకను తగ్గింపుమనుటకు ఆమెకు మొగమోటమయ్యెను. నాకును అట్లే తోచెను. ఇంటికి చేర్చుటకు 1,500, బిగించుటకు 500 కలిపి 44,000 రూపాయలు చెల్లించితిమి. బస్సులో వచ్చుచు నేను బిల్లు వెనుక లెక్కవేసి, “అమ్మా, మనకు నలువదిరెండు వేలు మిగిలినవి” అంటిని. మఱునాడు ఉపాధ్యాయుల గదిలో ఈ సంగతి సగర్వముగా చెప్పితిని. వడ్రంగి అడిగిన దానికంటె ఎనిమిది వేలు అధికముగా ఇచ్చితిమన్న తీసివేత మాత్రము గణితోపాధ్యాయుని బుద్ధికి తట్టలేదు.

అక్టోబరు మాసమున ఒక మిత్రునికి తోడుగా అదే దుకాణమునకు మరల పోవుట తటస్థించెను. అదే తీరు మంచము, అదే చోటు. 84,000పై అదే ఎఱ్ఱగీత, క్రింద 42,000. మారినది ఒక్క మాటయే: ఆషాఢమునకు బదులు దీపావళి. “నేటితో సమాప్తము” అనునది అట్లే యుండెను. నా మనసున ముల్లు గ్రుచ్చుకొన్నట్లయ్యెను. అయినను మోసపోయితినని ఒప్పుకొనుటకంటె, వర్తకుడు రెండవమాఱును దయతలచెనని నమ్ముట సులభముగా నుండెను. 2023 జనవరిలో సంక్రాంతికి చూడగా కొట్టివేసిన వెల 90,000 అయ్యెను. తీసికొను వెల మాత్రము 42,000 గానే యుండెను. ఆ మంచము 84,000 రూపాయలకు విక్రయింపబడిన దినము ఏ పంచాంగమునందును లేదని అప్పటికి తెలిసికొంటిని.

ఆ దినములలోనే ఎనిమిదవ తరగతిలో ముదరా లెక్కలు చెప్పుచుంటిని. “ఒక వస్తువు ప్రకటన వెల 800 రూపాయలు. నూటికి 25 చొప్పున ముదరా ఇచ్చిన అమ్మిన వెల యెంత?” అని నల్లబల్లమీద వ్రాసితిని. అందఱును 600 అని చెప్పిరి. వెనుక వరుసలోని యొక బాలుడు లేచి, “మాష్టారూ, ఆ 800 అని ఎవరు వ్రాసిరండీ?” అని యడిగెను. “దుకాణదారుడు” అంటిని. “అట్లయిన 600 రావలసినవాడు తనకు తోచినంత వ్రాసి తగ్గింపవచ్చును గదండీ” అనెను. తరగతి నవ్వెను. నేను నవ్వలేకపోతిని. ఇరువది యేండ్లుగా ఆ లెక్కను పైనుండి క్రిందికి చేయించుచుంటిని. వర్తకుడు దానిని క్రిందినుండి పైకి చేయునని ఆ బాలుడు నాకు నేర్పెను.

ఆ మాటను లెక్కగా చూడుడు. వర్తకునికి 42,000 రావలెను. సగము ధర అని వ్రాయదలచిన, 84,000 వ్రాసి కొట్టివేయును. నూటికి 60 తగ్గింపు కావలసిన 1,05,000 వ్రాయును. నూటికి 70 కావలసిన 1,40,000 వ్రాయును. తగ్గింపు ఎంత పెరిగినను అతని పెట్టెలో పడునది 42,000 మాత్రమే. అతనికి ఖర్చు సిరాచుక్క. మఱియొక తీరు కలదు: “నూటికి 50, ఆపైన మఱి 20” అని వ్రాయుదురు. మనము 70 అని కూడికొందుము. కాని 1,00,000లో సగము పోగా 50,000. ఆ 50,000లో నూటికి 20 పోగా మిగులునది 40,000. తగ్గినది 60 మాత్రమే. “70 వరకు” అను ప్రకటనలో “వరకు” అనునది చీమతలంత యుండును. ఆ 70 తగ్గింపు మూలనున్న ఒక ముక్కాలిపీటకు మాత్రమే వర్తించవచ్చును.

2023 వానకాలమున చెల్లెలివద్దనుండి కబురు వచ్చెను. మంచము ప్రక్కపలక ఉబ్బి, మేకులు ఊడి, ఒక వైపు క్రుంగినదట. ఆమె అత్తవారి యూరు మాకు సమీపమే. ఎవరిని పిలుతును? సిగ్గు విడిచి మా వీధి వడ్రంగి గడపయే త్రొక్కితిని. ఆయన మఱుమాటాడక పనిముట్ల సంచి తీసికొని నాతో వచ్చెను. పలక ఊడదీసి, అంచును గోటితో గీకి, రాలిన పొట్టును అరచేతిలో నాకు చూపి, “కాళ్లు మాత్రము కఱ్ఱ, మాష్టారూ. తక్కినది ఱంపపుపొట్టును జిగురుతో అదిమిన పలక. పైన పలుచని టేకు పొర అంటించినారు. ఇది టేకు కాదు, టేకు చొక్కా తొడిగినది” అనెను. ఆయన కంఠమున ఎత్తిపొడుపు లేదు. అదియే నన్ను ఎక్కువగా బాధించెను. వేపకఱ్ఱతో ప్రక్కపలకలు మార్చి, కూలియు కఱ్ఱయు కలిపి 4,500 రూపాయలు పుచ్చుకొనెను.

బిల్లు తీసి చూచితిని. అందు “టేక్ ఫినిష్” అని యుండెను. ఆ మాటకు టేకువంటి మెఱుగు అని అర్థమే గాని, టేకు అని కాదు. నేను దానిని చదువకయే మడిచి జేబులో నుంచుకొంటిని. ఏల చదువలేదు? 84,000 వెలగల మంచము టేకు గాక మఱేమగును అని నా మనసు ముందే తీర్పు చెప్పియుండెను. కొట్టివేసిన వెల చేసిన రెండవ అపకారము ఇది. వెలను గూర్చియే గాక వస్తువును గూర్చియు అది అబద్ధపు సాక్ష్యము పలికెను. దుకాణమునకు పోయి అడుగగా, అక్కడి అధికారి మర్యాదతోనే బిల్లులోని మాట చూపెను. ఆనాటి అట్టముక్కయైనను, దాని ఛాయాచిత్రమైనను నాయొద్ద లేదు. చేతులు నులుముకొనుచు తిరిగి వచ్చితిని.

పిమ్మట ఈ విషయమును గూర్చి చదువ నారంభించితిని. 1974లో అమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అను మనశ్శాస్త్రజ్ఞులు ‘సైన్స్’ అను పత్రికలో ఒక ప్రయోగమును వివరించిరి. 0 మొదలు 100 వరకు అంకెలుగల చక్రమును త్రిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశములు నూటికి ఎన్నియో చెప్పుమని కొందఱిని అడిగిరి. ముందుగా చక్రమున వచ్చిన అంకెకంటె అది హెచ్చో తగ్గో చెప్పి, తరువాత తమ యంచనా చెప్పవలెను. చక్రము 10 చూపినవారి అంచనాల మధ్యగతము 25. 65 చూపినవారిది 45. చక్రమునకును ఆఫ్రికా దేశములకును ఏ సంబంధమును లేదు. అయినను కంటబడిన మొదటి అంకె, పడవకు లంగరువలె, బుద్ధిని తనచుట్టు కట్టివేసెను. కానెమన్‌గారికి 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. నాకు లంగరు 84,000. ఈ అట్టముక్కను వర్తకుడు తనకు అనుకూలముగా వ్రాసికొనెను.

గృహోపకరణములయందు ఈ మాయ ఏల ఎక్కువగా సాగునో విచారింపుడు. బియ్యము, నూనె నెలనెలా కొందుము. వాటి వెల మనకు కంఠస్థము. మంచమును, బీరువాను పది యిరువది యేండ్లకు ఒకసారి కొందుము. పూర్వపు వెల జ్ఞాపకముండదు. సబ్బుపెట్టెమీద గరిష్ఠ ధర అచ్చువేయబడియుండును. దుకాణమున బిగించి నిలిపిన మంచమున కట్టముక్కమీది వ్రాతయే ప్రమాణము. ఒకే తీరు కుర్చీకి ఒక్కొక్క దుకాణము ఒక్కొక్క పేరు పెట్టును; పోల్చి చూచుట దుర్ఘటము. కఱ్ఱ ఎట్టిదో మెఱుగు క్రింద దాగియుండును. తెలియనివారు, త్వరపడువారు, ఇంట శుభకార్యము పెట్టుకొన్నవారు, ఈ ముగ్గురును ఒక్కరియందే కూడిన దినమున మనము ఆ దుకాణము మెట్లెక్కుదుము.

చట్టము ఈ సంగతి ఎఱుగకపోలేదు. మన దేశమున వినియోగదారుల సంరక్షణకై 1986లో ఒక చట్టము వచ్చెను. దాని స్థానమున 2019లో చేయబడిన క్రొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చెను. ఒక వస్తువు సాధారణముగా ఏ వెలకు అమ్ముడగుచున్నదో ఆ విషయమున ప్రజలను తప్పుదారి పట్టించుట అన్యాయ వర్తకమని అందు స్పష్టముగా చెప్పబడినది. తప్పుదారి పట్టించు ప్రకటనలకు కేంద్ర అధికారసంస్థ మొదటిమాఱు 10 లక్షల రూపాయలవరకును, తిరిగి చేసినచో 50 లక్షలవరకును జరిమానా విధింపవచ్చును. ఐరోపా సమాఖ్య దేశములలో, తగ్గింపు ప్రకటించు వర్తకుడు అంతకుముందు 30 దినములలో తాను పుచ్చుకొన్న కనిష్ఠపు వెలను చూపవలెనను నియమము 2022 మే 28 నుండి వర్తించుచున్నది. మేము మంచము కొన్నది దానికి రెండు నెలల లోపుననే. మన చట్టము దినముల లెక్క చెప్పకున్నను, దాని ధర్మము అదియే. కాని చట్టము సాక్ష్యమడుగును. మనము సాధారణముగా సాక్ష్యమును దుకాణముననే విడిచి వచ్చుచున్నాము.

కావున నా యనుభవమునుండి నాలుగు మాటలు. కొట్టివేసిన వెలను చేతితో కప్పి, క్రింది వెలనే చూచి, ఈ వస్తువునకు ఇంత ఈయదగునా అని ప్రశ్నించుకొనుడు. మఱి రెండు చోట్ల, వానిలో ఒకటి పనివాని యింటివద్ద, విచారింపుడు. ఏ కఱ్ఱయో బిల్లులో స్పష్టమైన మాటతో వ్రాయించుకొని, చదివి, పిమ్మటనే సొమ్ము లెక్కపెట్టుడు. మంచము క్రిందికి వంగి, పైమెఱుగు లేని చోటు చూడుడు. అట్టముక్కను ఫోనుతో చిత్రము తీసి, ప్రకటన కాగితమును దాచియుంచుడు. మోసము జరిగినచో 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు తెలుపవచ్చును, రెండేండ్ల లోపున జిల్లా వినియోగదారుల కమిషనునందు ఫిర్యాదు చేయవచ్చును. “నేటితో సమాప్తము” అనినచో ఱేపు పోయి చూడుడు. సమాప్తము కాకున్న మీరు నిజము తెలిసికొందురు. సమాప్తమైనను లోకమున మంచములకు కొఱత లేదు.

ఇంతవరకు చెప్పినది దుకాణము చేసిన తప్పు. నేను చేసినది ఇంకొకటి కలదు. మంచము టేకు కాదను సంగతి నేను మా అమ్మగారికి చాలకాలము చెప్పలేదు. ఇరుగుపొరుగువారితో ఆమె “మా అమ్మాయికి టేకు మంచము పెట్టితిమి” అని చెప్పుకొనునప్పుడెల్ల తల వంచుకొంటిని. ఈ వ్యాసము వ్రాయుటకు పూనుకొన్నప్పుడు, సంచిక ఆమె చేతికి పోకముందే చెప్పవలసివచ్చెను. అంతయు విని ఆమె చాలసేపు మాటాడలేదు. కోపపడునని యనుకొంటిని. తుదకు, “ఆ కొట్టువాడు మనలను ఒక్కసారి మోసగించినాడు, నాయనా. ఆ పెద్దాయనను మనము రెండు గంటలు బాధించితిమి. నిజము చెప్పినవాని దగ్గఱ బేరమాడి, అబద్ధము చెప్పినవానికి అడిగినంత ఇచ్చితిమి” అనెను.

ఇందుకు నాయొద్ద సమాధానము లేదు. అబద్ధపు తగ్గింపు కొనువానికి చేయు నష్టము కొంతయే. ఒకే వెల చెప్పి దానికి కట్టుబడు పనివానికి అది చేయు నష్టము ఎక్కువ. 84,000 ప్రక్కన నిలిచిన 42,000 చౌకగా కనబడును. ఒంటరిగా నిలిచిన 36,000 ఖరీదుగా కనబడును. ఆ కనబడుటలో ఒక వడ్రంగి ఇరువది దినముల కూలి పోయినది. ఇట్లు ఎన్ని వీధులలో ఎందఱి కూలి పోవుచున్నదో!

మొన్న మా యింటికి ఒక వ్రాతబల్ల కావలసివచ్చెను. అమ్మగారే ఆ వడ్రంగి యింటికి పోయిరి. ఆయన కొలతలు విని, “తొమ్మిది వేలగును, అమ్మా” అనెను. అమ్మగారు సంచినుండి నాలుగు వేలు తీసి బయానాగా ఆయన చేతిలో నుంచి, “తక్కినది బల్ల వచ్చిన దినమున” అనిరి. ఆయన కొంచెము ఆశ్చర్యముతో ఆమె ముఖము చూచి, నోట్లు కన్నులకద్దుకొనెను. చెప్పిన దినమునకే బల్ల వచ్చెను. ఈ నాలుగు మాటలును దానిమీదనే వ్రాసితిని.

ప్రియ విద్యార్థులారా, ముదరా లెక్క పరీక్షలో తప్పక చేయుడు, మార్కులు వచ్చును. కాని ఆ బాలుడడిగిన ప్రశ్నను మఱువకుడు. ఏ యంకె మీ ముందుకు వచ్చినను, దానిని వ్రాసినవాడెవడు, ఏల వ్రాసెను అని అడుగుడు. అది పాఠ్యపుస్తకములో లేని లెక్క. దానిని నేను నలువదినాలుగు వేల రూపాయలిచ్చి నేర్చుకొంటిని. మీకు ఉచితముగా చెప్పుచున్నాను. ఇందు తగ్గింపు ఏమియు లేదు.